ఆఫీసు నంబరుకి వచ్చే కాల్స్: రింగ్ గ్రూపా, క్యూనా?

సొంత సర్వర్ మీద ఫ్రీపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ఎస్ఐపీ ట్రంక్ (ఫోన్ కంపెనీ నుంచి నెట్‌వర్క్ మీద వచ్చే లైన్) కలిపాక, వచ్చిన కాల్ ఎటు వెళ్లాలో చెప్పే ఇన్‌బౌండ్ రూట్ పేజీలో చెయ్యి ఆగిపోతుంది. వచ్చిన కాల్‌ని రింగ్ గ్రూపుకి పంపాలా, క్యూకి పంపాలా? పైకి చూస్తే రెండూ ఒకటే, నలుగురి ఫోన్లూ మోగుతాయి.

అసలు తేడా, కాల్ ఎప్పుడు ఎత్తినట్టు లెక్క అన్న దగ్గర ఉంది. రింగ్ గ్రూపులో మనవాళ్లెవరో ఒకరు ఎత్తేదాకా అవతలివాళ్లకి రింగే వినిపిస్తుంది. ఎవరూ ఎత్తకుండా పెట్టేస్తే అది మిస్డ్ కాల్, అంతే. క్యూలో, మామూలు సెట్టింగులతో వదిలేస్తే, సిస్టమే ముందు కాల్ ఎత్తేసి పాట వినిపిస్తూ కూర్చోబెడుతుంది. మీటరు అప్పుడే మొదలు. మీది 1800 నంబరైతే ఆ పాట ఖర్చంతా మీదే. ఇక మిస్డ్ కాల్ ఇస్తే మీరే తిరిగి చేస్తారనుకునే కస్టమర్లకి ఆ దారే మూసుకుపోతుంది. సిస్టమ్ కాల్ ఎత్తకుండానే వరసలో ఉంచే 'క్యూ నో ఆన్సర్' అన్న ఆప్షన్ లేకపోలేదు గానీ, ఎత్తని కాల్‌ని కాసేపటికి కట్ చేసే ట్రంకులుంటాయి.

కాల్స్ ఎక్కువై మనుషులు తక్కువైతే మాత్రం క్యూకి తిరుగులేదు. అందరూ బిజీగా ఉన్నా కాల్ పోదు, వరసలో ఉంటుంది. 'లీస్ట్ రీసెంట్' (కాల్ తీసుకుని ఎక్కువసేపైనవాళ్లకి ముందు) పెడితే ఒక్కరి నెత్తినే పడకుండా కాల్స్ పంచుతుంది. ఒక కాల్ అయ్యాక వివరాలు రాసుకోడానికి ర్యాప్‌అప్ టైం కూడా ఇవ్వొచ్చు. కాల్‌ని వరసలో ఉంచడం, ర్యాప్‌అప్ టైం ఇవ్వడం రింగ్ గ్రూపుకి చేతకావు.

గ్రూపులో సెల్ నంబరు చేర్చారా, ఒక్కటి చూసుకోండి. ఆ సెల్‌కి వాయిస్ మెయిల్ ఉంటే అదే ముందు ఎత్తేసి కాల్ మింగేస్తుంది. 'కన్ఫర్మ్ కాల్స్' ఆన్ చేస్తే ఎత్తినవాళ్లు 1 నొక్కితేనే కలుస్తుంది.

నన్నడిగితే, నలుగురైదుగురున్న ఆఫీసుకి ముందు రింగ్ గ్రూపు, 20 సెకన్లు. ఎవరూ ఎత్తకపోతే వెళ్లాల్సిన చోటుగా క్యూ పెట్టండి. మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్లు ఆలోపే పెట్టేస్తారు, నిజంగా పనున్నవాళ్లు వరసలో ఉంటారు. 'తెలుగు కోసం ఒకటి నొక్కండి' మెనూ ఇంత చిన్న ఆఫీసుకి దండగ.

ఏది పెట్టినా, రూట్‌లో డీఐడీ (అవతలివాళ్లు డయల్ చేసిన మీ నంబరు) సరిగ్గా పడాలి. ఒక ప్రొవైడరు నంబరుని +91తో పంపితే, ఇంకొకరు సున్నాతో పంపుతారు. అంకె తేడా వస్తే ఆ రూట్‌కి కాల్ తగలదు. ఆస్టరిస్క్ (ఫ్రీపీబీఎక్స్ లోపల కాల్స్ నడిపే ఇంజిన్) కన్సోల్ తెరిచి, సెల్ నుంచి ఒక్కసారి కాల్ చేసి, మీ ఆఫీసు నంబరు అక్కడ ఎలా కనబడితే అలాగే ఉన్నదున్నట్టు రూట్‌లో వేయండి.