లిలీ ఎల్సీనా, గెర్టీ మిల్లరా?

ఎడ్వర్డియన్ కాలం (అంటే 1900ల మొదట్లో) లండన్ మ్యూజికల్ కామెడీ, అదే పాటలతో నడిచే హాస్య నాటకాల గురించి కొత్తగా తెలుసుకునేవాళ్ళు ఈ ఇద్దరు నటీమణుల్లో ఎవరి జీవితంతో మొదలుపెట్టాలి అంటే నా ఓటు గెర్టీకే, అలాగని ఎల్సీని తక్కువ చేస్తున్నా అనుకోకండి. ఇద్దరిదీ ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైరే, ఇద్దరూ చిన్నప్పుడే స్టేజీ ఎక్కారు, ఇద్దరి వెనకా ఉన్న ప్రొడ్యూసర్ జార్జ్ ఎడ్వర్డ్సే.

ఎల్సీ అంటే 1907, డాలీస్ థియేటర్, 'ది మెర్రీ విడో'. 778 షోలు ఆడింది! అందులో ఫ్యాషన్ డిజైనర్ లూసీల్ డిజైన్ చేసిన ఆ ఇంత వెడల్పు టోపీ పెట్టుకుని ఎల్సీ కనపడిందో లేదో ఆడవాళ్ళందరికీ అలాంటి టోపీలే కావాల్సొచ్చాయి, ఫొటో పోస్ట్‌కార్డులైతే చెప్పక్కర్లేదు. కానీ మనిషి బాగా బిడియస్తురాలు, 1911లో పెళ్ళయ్యాక కొన్నేళ్ళు స్టేజీకి దూరమైపోయింది.

గెర్టీ దారి వేరు. బ్రాడ్‌ఫర్డ్ మిల్లు కార్మికుల ఇంటిపిల్ల, 1901లో గెయిటీ థియేటర్‌కి వచ్చింది, మరుసటేడు కంపోజర్ లయొనెల్ మాంక్టన్‌ని పెళ్ళాడింది, ఇక ఆయన వరసపెట్టి ఆమె కోసమే పాటలు కట్టాడు. 1909లో 'అవర్ మిస్ గిబ్స్'లో లండన్ పెద్ద షాపులో పనిచేసే యార్క్‌షైర్ అమ్మాయి వేషం, అంటే దాదాపు తన ఊరి పిల్లే కదా, అందులోనే పియెరో (పాతకాలపు తెల్ల బట్టల విదూషకుడు) డ్రెస్‌లో 'మూన్‌స్ట్రక్' పాడింది. గొంతు పెద్దదేం కాదు, చలాకీతనంతోనే హాలంతా లాగేసేది. 1924లో మాంక్టన్ పోయాక అదే ఏడాది డడ్లీ ఎర్ల్ అనే బిరుదున్న ప్రభువుని చేసుకుని కౌంటెస్ అయింది.

అందం, ఫ్యాషన్ కావాలంటే ఎల్సీ. మిల్లు వీధి నుంచి స్టేజీ దాకా ఆ ప్రయాణం కావాలంటే మాత్రం గెర్టీనే ముందు చదవండి.