ఇనుము తూచే వేలాడే కాటా: మూడేళ్లు వాడాక

మొదటి ఏడాదంతా కనిపించిన ప్రతి మేస్త్రీకీ చెప్పాను, ఈ కాటా మీదున్న హోల్డ్ బటన్ కోసమైనా కొనుక్కోమని. ఇప్పటికి మూడేళ్లయింది. బటన్ మీద మోజు తగ్గలేదు గానీ, అప్పుడు చెప్పిన మిగతా మాటల్లో కొన్ని సర్దుకోవాల్సి ఉంది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మెటీరియల్‌తో కలిపి అడుగుకింత అని ఒప్పుకుని ఏడాదికి మూడో నాలుగో ఇళ్లు కట్టిస్తాను. ఒడియా వాళ్లకి ఠికాదార్ బాబుని, మన వాళ్లకి మేస్త్రీని. రేటు ఒప్పుకున్నాక ఏ సరుకు పెరిగినా నా నెత్తినే. ఇనుము ఇక్కడ కొన్నా, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో కొన్నా పన్ను 18 శాతమే. ఇక్కడి బిల్లులో కేంద్రానికొకటి, రాష్ట్రానికొకటి అని రెండు తొమ్మిదులుంటాయి, అక్కడి బిల్లులో ఒకటే పద్దెనిమిది. ఎక్కడ కొనాలన్నది కిరాయి మీదా తూకం మీదా తేలుతుంది.

ఊచలు నడిమికి మడిచి బండిలో వస్తాయి కదా. మూడు సరుగుడు బాదులు కలిపి కట్టి, కాటా వేలాడదీసి, కట్టని తాడుతో కొక్కేనికి తగిలిస్తే రెండు వైపులా పదేసి అడుగుల తోకలు ఊగుతూనే ఉంటాయి. అంకె 43 అంటుంది, 48 అంటుంది, మళ్లీ 45 అంటుంది. బండివాడేమో హారన్ మోగిస్తుంటాడు. ఇంతకుముందు స్ప్రింగు కాటాతో అలా చూసీ చూసీ చివరికి ఏదో ఒక అంకె రాసేసుకునేవాణ్ణి. ఇందులో హోల్డ్ నొక్కితే నాలుగైదు సెకన్లలో అంకె నిలబడిపోతుంది. కట్ట దించేశాక కూడా పోదు, బీడీ ముట్టించుకుని తీరిగ్గా రాసుకోవచ్చు.

దాంతో మొదట తూచింది ఒక దుకాణంలో తెచ్చిన 8 మిల్లీమీటర్ల ఊచ. 12 మీటర్ల ఊచ 4.74 కిలోలు, పది ఊచల కట్ట 47.4 ఉండాలి. 44.5 ఉంది. ఊచలకి ఉన్న ప్రభుత్వ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం 10 మిల్లీమీటర్ల వరకు ఏడు శాతం అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి దొంగసరుకు అనలేం. కానీ నాకు బిల్లు పడింది 47.4కి. అప్పుడు వెలిగింది నాకు, తేలిక ఊచని కట్టల లెక్కనా, బరువు ఊచని కిలోల లెక్కనా అమ్ముతున్నారని. ఎలా అమ్మినా మిగులు అటువైపే. ఆ తర్వాత నేను తిరగేసి అడగడం మొదలుపెట్టాను, తేలిక ఊచ కిలోల్లో, బరువు ఊచ కట్టల్లో. కొందరు ఒప్పుకున్నారు, కొందరు నవ్వి ఊరుకున్నారు. (ఆ ఏడు శాతం కూడా దాటి తేలికగా ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోను. స్లాబు కింద మనుషులు పడుకుంటారు.)

వెయ్యి అడుగుల ఇంటికి నాకు నాలుగు టన్నుల దాకా పడుతుంది. ఐదు శాతం తేడా వస్తే 200 కిలోలు, కిలో 60 చొప్పున 12 వేలు. ఒక్క ఇంటితో కాటా ఖరీదు వచ్చేసిందని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

ఇక పోయిన శ్రావణం సంగతి. దసరాకి ముందే స్లాబు పడాలని ఇంటాయన పట్టుబట్టాడు. పాతపట్నం నుంచి ఇనుము వచ్చింది, బండితో సహా తూచే వేబ్రిడ్జి ఇచ్చిన చీటీలో సరుకు 2,040 కిలోలు. ముసురులోనే నేనూ మా మేనల్లుడూ కట్ట తర్వాత కట్ట తూచి కూడితే 1,975. వేబ్రిడ్జి పదేసి కిలోల మీద చూపిస్తుంది గనక పదో ఇరవయ్యో తేడా అయితే పట్టించుకోను. ఇది 65. కాటా, పుస్తకం బండి మీద పెట్టుకుని తిన్నగా దుకాణానికి వెళ్లాను.

"65 కిలోలు ఏమయ్యాయి షావుకారు గారూ?" అన్నాను, నలుగురూ వినేలాగే.

"దారిలో మేమేటి నమిలేసామా మేస్త్రీ?" అన్నాడాయన. గొంతు పెంచలేదు. పక్క బియ్యం కొట్టుకి కుర్రాణ్ణి పంపి 20 కిలోల రాళ్లు రెండు తెప్పించాడు, సీలు ఉన్నవి. షట్టరు ముందు దూలానికి నా కాటాయే వేలాడదీసి, నా చేతే హోల్డ్ నొక్కించాడు.

38.7.

రాళ్లు దించేశారు. అంకె అలాగే వెలుగుతూ ఉంది. మూడేళ్లుగా అందరికీ పొగిడిన బటనే, ఆ క్షణాన దాన్ని ఎలా చెరపాలో నాకు చేతకాలేదు. మా వాడు పక్కనుంచి మెల్లగా, "మామా, 40కి 1.3 పోతే 2,040కి 66 పోతుంది" అన్నాడు. లెక్క నాకూ వచ్చు, అప్పుడే చెప్పాలా?

"అమ్మేవోడి కాటాకి ఏటేటా సీలు ఏయించుకోవాల. నీ దానికి ఏదీ?" అన్నాడు షావుకారు. కొనేవాణ్ణి, నాకెందుకనుకున్నాను ఇన్నాళ్లూ. ఆయన టీ తెప్పించాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక అసలు దిగులు పట్టుకుంది. ఇది ఎప్పటినుంచి తక్కువ చూపిస్తోంది? కొన్నప్పటినుంచి ఒక్కసారీ సరిచూసిన పాపాన పోలేదు. అంతకు రెండు నెలల ముందు ఇంకో దుకాణం బిల్లులో 1,800 కోసేసి ఉన్నాను. తర్వాతి సరుకులో పాత బాకీ అని చెప్పి ఇచ్చేశాను, కారణం అడిగితే దాటేశాను. తుక్కు కొనేవాడైతే కొన్నాళ్లుగా నా కాటాని తెగ మెచ్చుకుంటున్నాడు. వాడు మెచ్చుకోక ఏం చేస్తాడు, వందకి మూడు కిలోలు ఊరికే మోసుకుపోతుంటే!

బరంపురంలో బాగుచేసిన కుర్రాడు లోపల చెమ్మ చేరిందన్నాడు. అంతకుముందు ఒకసారి తాడు జారి కట్ట గభాలున కొక్కెం మీద కుదిపిన సంగతి మా వాడు అప్పుడు బయటపెట్టాడు. ఏది కారణమో గానీ రాళ్లు పెట్టి సరిచేసి ఇచ్చాడు. ఇప్పుడు సరుకు దిగే ముందు 20 లీటర్ల డబ్బా నిండా నీళ్లు కొలిచి పోసి తగిలిస్తాను. ఖాళీ డబ్బా 800 గ్రాములు, కలిపి 20.8 రావాలి. రాకపోతే ఆ రోజు తూకం లేదు. వానలో అసలు బయటికి తీయను.

పైన చెప్పిన 44.5 కూడా నిజమేనా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. కొత్త కాటా కదా, నిజమే అయి ఉంటుంది. ఆ 12 వేలు మాత్రం ఒక్క ఇంట్లోనే మిగిలాయి. నా దగ్గర కాటా ఉందని తెలిశాక దుకాణాల వాళ్లే జాగ్రత్తపడ్డారు, ఇంక పట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేకపోయింది.

ఇంటింటికీ మిగులుతున్నది ముక్కల దగ్గర. 12 మీటర్ల ఊచలో 3.4 మీటర్లవి మూడు కోస్తే 1.8 మీటరు మిగులుతుంది. రాడ్ బెండరుకి గుర్తుంటే అది లింటల్లోకి పోతుంది, లేకపోతే తుక్కులోకి. వారానికోసారి ముక్కల కుప్ప తూచి గోడ మీద బొగ్గుతో రాయడం మొదలుపెట్టాను, ఎవర్నీ ఏమీ అనలేదు. ఒక ఇంటికి 210 కిలోలు వచ్చిన తుక్కు తర్వాతి ఇంటికి 110 అయింది. తుక్కు సగం ధరకే పోతుంది కాబట్టి మూడు వేలు మిగిలినట్టు. పెద్ద మొత్తమేం కాదు, కానీ దానికి ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు.

ఇసుకకి ఇది పనికిరాదు. వానాకాలం తడి ఇసుక ఉబ్బి ట్రాక్టరు నిండుగా కనిపిస్తుంది, అది వేరే ఏడుపు.

లేబరు కాంట్రాక్టు మాత్రమే చేసేవాళ్లు కొనక్కర్లేదు. ఒకే దుకాణంలో నమ్మకం మీద తెచ్చుకునేవాళ్లకీ అవసరం పడదేమో. నాలాగా రెండు రాష్ట్రాల దుకాణాల మధ్య తిరిగేవాడైతే, నీళ్ల డబ్బా కూడా పక్కనే పెట్టుకునే ఓపిక ఉంటే, తీసుకోవచ్చు. పాతపట్నం షావుకారు దగ్గర ఇప్పటికీ కొంటున్నాను. వెళ్లినప్పుడల్లా, "కాటా బాగుందా మేస్త్రీ?" అని అడుగుతాడు, ఇంట్లో మనిషి గురించి అడిగినట్టు.