అరకు ఎక్కి పాడేరు మీదుగా దిగాం: సైకిల్ మీద ఒక చుట్టు

వైజాగ్ నుంచి సైకిల్ మీద అరకు వెళ్లేవాళ్లు ఎక్కువగా ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు నుంచి ఎక్కి, మళ్లీ అదే రోడ్డున దిగిపోతారు. అలా చేయకండి. అరకు నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు వెళ్లి, మాడుగుల, చోడవరం వైపు దిగండి. దూరం పెరుగుతుంది గానీ తొక్కడానికి అసలైన రోడ్డంతా అటువైపే ఉంది.

వైజాగ్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాకా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఎండెక్కకముందే దాటేయాలి, అంతే. బొడ్డవర దగ్గర కొండ మొదలవుతుంది. మరీ నిటారుగా ఉండదు, కానీ ఎంతకీ తరగదు. చిన్న గేర్ వేసుకుని పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ ఎక్కేంత నెమ్మదిగా పోతే, వారానికి రెండుసార్లు తొక్కే అలవాటున్నవాళ్లకు ఇబ్బంది లేదు. టైడాలో బాటిళ్లు నింపుకోండి. బొర్రా గుహలకు మాత్రం ఈ ట్రిప్‌లో వెళ్లొద్దు. పక్కరోడ్డులో కిందికి దిగి మళ్లీ అంతా ఎక్కాలి, పైగా అక్కడ సైకిల్ ఎవరికి అప్పగించాలన్న టెన్షన్ ఒకటి. అనంతగిరి దాటాక కాఫీ తోటల నీడ, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర టూరిస్టు బస్సులు మలుపులోనే ఆపేస్తారు, అక్కడ జాగ్రత్త.

ఎక్కే ఓపిక లేనివాళ్లకు కిరండూల్ రైలుంది. సైకిల్‌ని పార్సిల్‌గా బుక్ చేయాలి, ముందురోజే స్టేషన్‌కెళ్లి కనుక్కోండి.

ఈ చుట్టులో నాకు బాగా నచ్చిందేంటంటే, గాలికొండ దాటగానే నీళ్ల దారే మారిపోతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ తూర్పుకు దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అరకు, పాడేరు వైపు గెడ్డల (కొండవాగుల) నీళ్లేమో మాచ్‌ఖండ్ నదిలోకి, అక్కణ్ణుంచి సీలేరు, శబరి మీదుగా గోదావరిలోకి. కొండకు అటు కురిసిన వాన భీమిలికి, ఇటు కురిసింది ధవళేశ్వరానికి. మ్యాప్‌లో చూస్తే తెలియదు గానీ పెడల్ మీద కాళ్లకు తెలుస్తుంది, ఎందుకంటే ఇక్కణ్ణుంచి పాడేరు దాకా పెద్ద ఘాట్ ఉండదు, గెడ్డ దగ్గర దిగడం, మళ్లీ మెట్ట ఎక్కడం, అలా సాగిపోతుంది.

అరకులో బస గురించి. నవంబరు, డిసెంబరు శనాదివారాల్లో రేట్లు ఇష్టమొచ్చినట్టు పెంచేస్తారు. మాకు 'వ్యాలీ వ్యూ' అని ఇచ్చిన గది కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటి వాటర్ ట్యాంకు, వేడినీళ్లేమో అడగ్గా అడగ్గా ఒక బకెట్. టూరిజం వాళ్ల హరిత రిసార్టులు ముందే దొరికితే మేలు. ఎక్కడ తీసుకున్నా సైకిల్ గదిలో పెట్టుకోనిస్తారా అని ఫోన్‌లోనే అడిగేయండి. పాడేరులో మేం దిగింది మామూలు లాడ్జి, సోకులేమీ లేవు, కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, సైకిళ్లు చూడగానే ఓనరే హాల్లోకి తెచ్చుకోమన్నాడు. మళ్లీ వెళితే అరకులో కాఫీ తాగి, పడుకోవడానికి పాడేరు చేరతాను.

బొంగు చికెన్ సంగతి కూడా చెప్పాలి. రోడ్డు పక్క బళ్ల దగ్గర పొద్దున్నే కాల్చి పెట్టినవి మళ్లీ నిప్పుల మీద వేడిచేసి ఇస్తారు, ముక్క పీచుపీచుగా ఉంటుంది. పచ్చి బొంగులో మన ఎదురుగా ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చేవాళ్ల దగ్గరే కొనండి. చీల్చగానే ముందు ఆవిరి, తర్వాత బొంగు అడుగున ఊరిన రసం. చుక్క నూనె ఉండదు. ఆ రసం పారబోయనివ్వకండి, సగం రుచి అందులోనే ఉంది.

అరకు–పాడేరు రోడ్డు ఇప్పుడు 516ఇ జాతీయ రహదారిలో భాగం. వెడల్పయిన చోట హాయిగా పోవచ్చు, పని సాగిన చోట్ల అంచున వదులు కంకర ఉంది, సన్న టైర్లవాళ్లు చూసుకోవాలి. చలికాలం మొదట్లో వెళితే రెండువైపులా వలిసె (నూనెగింజల పంట) పూల చేలు పసుపుపచ్చగా విరగబూసి ఉంటాయి. చేనువాళ్లు ఫొటోకి పదో ఇరవయ్యో అడుగుతారు, ఇచ్చేయండి, తొక్కుడు పడేది వాళ్ల పంటే కదా. డుంబ్రిగుడ దగ్గర చాపరాయిలో బండల మీద పారే నీళ్లలో కాళ్లు పెట్టుకోవచ్చు, అయితే పొద్దున్నే వెళ్లాలి. పదకొండు దాటితే పిక్నిక్ బస్సులు, స్పీకర్లు.

పంక్చర్ షాపులున్నాయి గానీ అన్నీ మోటారు సైకిళ్లకే. రోడ్డు సైకిళ్ల ట్యూబులకుండే సన్నని ప్రెస్టా వాల్వుకు సరిపడే పంపు ఎక్కడా కనబడలేదు. ట్యూబులు, పంపు, చైన్ లింకు వెంట ఉండాల్సిందే. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌పేని నమ్ముకోకుండా నోట్లు పెట్టుకోండి.

పాడేరు ఘాట్ దిగడం ఎక్కడం కంటే కష్టం. మలుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి, పొద్దున మంచు విడిచేదాకా రోడ్డు తడి. చక్రం అంచును నొక్కే రిమ్ బ్రేకులున్న మా ఫ్రెండు రెండు చోట్ల ఆగి వేడెక్కిన రిమ్ముల మీద నీళ్లు చల్లుకున్నాడు. డిస్క్ బ్రేకులైనా ప్యాడ్లు కొత్తవి వేయించుకునే రండి. కిందికి దిగాక మాడుగులలో హల్వా. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పు. అంత దూరం తొక్కాక పావుకిలో ఎంతసేపు? చోడవరం దాటి సబ్బవరం వైపు లారీలు ఎక్కువ, చీకటి పడేలా ఉంటే అక్కణ్ణుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకోండి, మేం అదే చేశాం.