పేలే టార్గెట్లు: కొన్నేళ్లు వాడాక

బుల్లెట్ తగిలిందో లేదో తెలియాలంటే పేలే టార్గెట్‌ని మించింది లేదు. రెండు పొడులు కలిపి నింపిన డబ్బా ఇది, వేగంగా వచ్చిన తూటా తగిలితే పేలుతుంది. ఎక్కడ తగిలిందో తెలియాలంటే మాత్రం దీనంత పనికిమాలినది ఇంకోటి లేదు. అమెరికాలో కొన్నేళ్లుగా రైఫిల్ కాలుస్తూ, టానరైట్‌తో పాటు మరికొన్ని బ్రాండ్ల పేలే టార్గెట్లు వాడాక నాకు తేలింది ఇదే.

సరదాకైతే వంక పెట్టలేం. 200 గజాల దూరంలో డబ్బా పెట్టి స్కోప్‌లోంచి చూస్తూ ట్రిగ్గర్ నొక్కామా, రైఫిల్ తన్నుడికి డబ్బా ఒక్క క్షణం కనబడకుండా పోతుంది. చూపు మళ్లీ కుదురుకునేసరికి అక్కడ తెల్లటి పొగ లేచి ఉంటుంది. ఆ తర్వాత గానీ 'ధబ్'మన్న మోత రాదు. ఆ దూరం నుంచి శబ్దం మన దగ్గరికి రావడానికి అర సెకను పడుతుంది మరి. మొదటిసారి షూటింగ్ రేంజ్‌కి వచ్చిన స్నేహితులు నోరు తెరిచేది ఆ అర సెకనులోనే.

.22 రైఫిల్‌తోనో పిస్టల్‌తోనో మామూలు డబ్బా పేలదు. తూటా సెకనుకు సుమారు 2,000 అడుగుల వేగంతో తగలాలి. 9 ఎంఎం పిస్టల్ తూటా వేగం అందులో దాదాపు సగమే. .223 రైఫిల్ తూటా అయితే దగ్గర్లో ఇబ్బంది లేదు, దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోతుంది. చిరాకు పుట్టించేది ఇక్కడే. తూటా డబ్బాలోంచి దూసుకుపోతుంది, కానీ పేలదు. గురి తప్పిందా, వేగం చాలలేదా, పొడికి చెమ్మ తగిలిందా? ఏమీ తెలియదు. ఒక చవక రకం డబ్బాలు నా దగ్గర వరసగా ఇలాగే తుస్సుమన్నాయి. చూసొద్దామని దగ్గరికి వెళ్లకూడదు, అక్కణ్నుంచే ఇంకో తూటా కాల్చాలి.

డబ్బాని దేంట్లోనూ పెట్టకుండా విడిగానే ఉంచాలి. పాత ఫ్రిజ్‌లో, కారులో, ఇనప డబ్బాలో పెట్టి పేల్చే వీడియోలు చూసి ఉత్సాహపడకండి. 2016లో జార్జియాలో ఒకతను గడ్డి కోసే మెషీన్‌లో ఈ పొడి నింపి కాల్చితే, ఎగిరొచ్చిన ఇనప ముక్క అతని కాలు తీసేసింది. నేనైతే 100 గజాల లోపు అస్సలు కాల్చను.

ఇక నిప్పు. ఎండుగడ్డి ఉన్నచోట దీని జోలికే పోవద్దు. 2017 ఏప్రిల్‌లో అరిజోనాలో, పుట్టబోయేది పాపా బాబా అని చెప్పే వేడుకలో పేల్చిన టార్గెట్ వల్ల సామిల్ ఫైర్ అనే కార్చిచ్చు అంటుకుని దాదాపు 47,000 ఎకరాలు కాలిపోయాయి. కట్టమన్న పరిహారం 80 లక్షల డాలర్లు దాటింది. కొలరాడో, వయోమింగ్ వైపు జాతీయ అడవుల్లో వీటిని 2013లోనే నిషేధించారు. చాలా రేంజ్‌లు కూడా ఒప్పుకోవు, ఇండోర్ రేంజ్‌లలో అడగనే అక్కర్లేదు. ఒప్పుకునే చోట కూడా పక్క బెంచీ వాళ్లకి ముందే చెప్పడం మర్యాద. ఇయర్ మఫ్స్ పక్కన పెట్టి మంచినీళ్లు తాగుతున్నవాడికి ఆ మోత వినిపిస్తే మనకి అక్షింతలే.

చట్టం సంగతి కొంచెం విచిత్రం. రెండు పొడులు విడివిడిగా కొంటే మామూలు సరుకు, కలిపిన క్షణం నుంచి ఏటీఎఫ్ (తుపాకులు, పేలుడు పదార్థాల మీద నిఘా ఉంచే ఫెడరల్ సంస్థ) దృష్టిలో పేలుడు పదార్థం. కలిపింది కారులో వేసుకుని ఇంటికి తేవడం, దాచుకోవడం కుదరదు. రేంజ్‌లో కలిపింది రేంజ్‌లోనే అయిపోవాలి. రాష్ట్రాల రూళ్లు వేరుగా ఉంటాయి, చూసుకోవాలి. మనవాళ్లకి ఇంకో ముక్క: హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసా మీద ఉంటే, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. టార్గెట్ గురించి ఆలోచించడం ఆ తర్వాతే.

ప్రాక్టీస్‌కి నేను మళ్లీ స్టీల్ ప్లేట్‌కే వచ్చేశాను. తగిలితే ఖంగుమంటుంది, పెయింట్ మీద మచ్చ చూస్తే తూటా ఎక్కడ పడిందో తెలుస్తుంది, మళ్లీ పెయింట్ వేసుకుంటే కొత్తదే. పేలే డబ్బా ఒక్క దెబ్బతో సరి. చుట్టాలొచ్చినప్పుడు, అదీ వానలు పడి నేల తడిగా ఉంటేనే, ఒకటో రెండో కొంటున్నాను.