గదిలో వెలుతురు లెక్క: ల్యూమెన్ పద్ధతా, పాయింట్ పద్ధతా, సాఫ్ట్‌వేరా, ఏది మేలు?

లైటింగ్ గురించి ఏం రాసినా చదివినవాళ్ల దగ్గర్నుంచి తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటుంది: "ల్యూమెన్ పద్ధతిలో చేత్తో లెక్క వేసుకుంటే చాలా, సాఫ్ట్‌వేర్ తప్పదా?" కాలేజీలో పాయింట్ పద్ధతి చదువుకున్నవాళ్లు దాని సంగతి కూడా అడుగుతారు. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లకి విడిగా జవాబు రాశాను. ఈసారి ఒకే గదిని తీసుకుని, అన్ని పద్ధతుల్లోనూ లెక్క కట్టి, పక్కపక్కన పెడుతున్నాను. ల్యూమెన్ అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుతురు, లక్స్ అంటే చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు, క్యాండెలా అంటే ఒక దిక్కుకి లైటు విసిరే వెలుతురు తీవ్రత.

గది 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. ఆఫీసు పని జరిగే గది. బల్ల ఎత్తు 0.75 మీటర్లు, కాబట్టి సీలింగ్‌లో బిగించిన లైటుకీ బల్లకీ మధ్య 2.25 మీటర్లు. లైట్లు 60 సెంటీమీటర్ల చదరపు ఎల్‌ఈడీ ప్యానెళ్లు, ఒక్కొక్కటి 4000 ల్యూమెన్లు. యూరప్ ప్రమాణం ఈఎన్ 12464-1 రాతకీ చదువుకీ కంప్యూటర్ పనికీ 500 లక్స్ అడుగుతుంది. అదే మన లక్ష్యం.

ముందు ల్యూమెన్ పద్ధతి. గది ఆకారాన్ని చెప్పే అంకె రూమ్ ఇండెక్స్. వైశాల్యాన్ని, లైటుకీ బల్లకీ మధ్య ఎత్తుని పొడవు వెడల్పుల మొత్తంతో గుణించిన దానితో భాగించాలి: 48 ÷ (2.25 × 14), అంటే 1.52. ఈ ఇండెక్స్‌తో తయారీదారు పట్టికలో యుటిలైజేషన్ ఫ్యాక్టర్, అంటే లైటిచ్చే వెలుతురులో బల్ల ఎత్తుకి చేరే భాగం, చూసుకోవాలి. సీలింగ్ 70 శాతం, గోడలు 50, నేల 20 శాతం వెలుతురుని తిప్పికొడతాయనుకుంటే మన ప్యానెల్‌కి 0.78 వచ్చిందనుకుందాం. లైట్లు పాతబడి, దుమ్ము పట్టి వెలుతురు తగ్గడానికి వేసుకునే మెయింటెనెన్స్ ఫ్యాక్టర్ 0.8. ఎన్ని ప్యానెళ్లు కావాలి? 500 × 48 ÷ (4000 × 0.78 × 0.8) = 9.6. మూడు వరసల్లో మూడేసి పెడితే సగటు 468 లక్స్. నాలుగేసి పెడితే 624.

రెండు నిమిషాల పని. కాగితం మీద ప్రతి అంకె కళ్లెదుటే ఉంటుంది, ఏది మార్చితే ఏది మారిందో తెలుస్తుంది. ఈ పద్ధతంటే నాకు గౌరవం అందుకే. కానీ ఇది చెప్పేది సగటు ఒక్కటే. నడిమధ్య కూర్చున్నవాళ్లకి ఎంత, మూల బల్ల దగ్గర ఎంత అన్నది ఇందులో లేదు. లైట్లు సమానమైన ఎడంతో, గది పెట్టెలా ఉన్నప్పుడే నమ్మొచ్చు. ఎల్ ఆకారపు గది, వాలు సీలింగ్, నడుమ ఎత్తైన అడ్డుగోడలు ఉంటే సగటుకి అర్థం పోతుంది.

ఇక పాయింట్ పద్ధతి. లైటు ఆ దిక్కుకి విసిరే క్యాండెలాలని దూరపు వర్గంతో భాగించి, కిరణం వాలిన కోణపు కొసైన్‌తో గుణించడం. ల్యాంబర్ట్ 1760లో అచ్చు వేయించిన సూత్రమే ఇప్పటికీ పనిచేస్తోంది. ప్యానెల్ వెలుతురుని అన్ని వైపులా మెత్తగా పంచే రకమైతే నేరుగా కిందికి సుమారు 1273 క్యాండెలాలు. దాని కింద బల్ల మీద, మెయింటెనెన్స్ తగ్గింపు తర్వాత, 201 లక్స్. తొమ్మిది ప్యానెళ్ల అమరికలో మిగతా ఎనిమిదింటి వాటా కలిపితే గది మధ్యలో 475. రెండు గోడలకీ అర మీటరు దూరంలో, మూలన, అదే లెక్క 222 ఇస్తుంది. సగటు చాటున దాగిన తేడా ఇది.

ఇక్కడ ఒక జాగ్రత్త. లైటుని చుక్కగా భావించాలంటే దాని పెద్ద కొలతకి అయిదు రెట్లైనా దూరం ఉండాలన్నది పాత నియమం. 60 సెంటీమీటర్ల ప్యానెల్‌కి అది 3 మీటర్లు, మనకున్నది 2.25. నేరుగా కింద లెక్క సుమారు 2 శాతం ఎక్కువ చూపిస్తుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. 1.2 మీటర్ల పొడవు బద్దీ లైటు బల్లకి దగ్గరగా వేలాడుతుంటే మాత్రం దాన్ని ముక్కలుగా విడగొట్టి లెక్క వెయ్యక తప్పదు.

గోడ మీది బొమ్మకి స్పాట్‌లైటు, నల్లబల్ల, ఒక్క యంత్రం దగ్గరి వెలుతురు: ఇలాంటి చోట్ల పాయింట్ పద్ధతికి మించింది లేదు. తొమ్మిది లైట్లకి, పదుల కొద్దీ బిందువులకి చేత్తో వెయ్యాలంటే ఒక పూట పోతుంది. అంతకంటే పెద్ద లోపం, ఈ లెక్కలో గోడలు లేవు. గోడల్నీ సీలింగ్‌నీ కటిక నలుపనుకుని లెక్క వేస్తున్నట్టే.

నేను అసలు చెప్పదలుచుకున్నది ఈ గోడల గురించే. ఏ పద్ధతి మేలో నా మట్టుకు తేల్చేది ఇదే: తిరిగొచ్చే వెలుతురుని ఆ పద్ధతి నాకు విడిగా చూపిస్తుందా, లేదా?

మన గదిలో తొమ్మిది ప్యానెళ్లు, మెయింటెనెన్స్ తగ్గింపు పోగా 28,800 ల్యూమెన్లు. గది కొలతల్ని బట్టి అందులో సుమారు సగం నేరుగా నేలని, సగం గోడల్ని తాకుతుంది. నేల 14,400లో 20 శాతం, గోడలు 14,400లో 50 శాతం తిప్పికొడతాయి. మొత్తం 10,080 ల్యూమెన్లు. ఈ మొదటి పరావర్తనం గదిలో మళ్లీ మళ్లీ తిరుగుతూ ఇంకిపోయే దాకా ఉంటుంది. ఎంత ఇంకుతుంది? ప్రతి ఉపరితలం వైశాల్యాన్ని అది మింగే భాగంతో గుణించి కూడాలి: నేల 48 × 0.8, సీలింగ్ 48 × 0.3, గోడలు 84 × 0.5, వెరసి 94.8. 10,080ని దీనితో భాగిస్తే చదరపు మీటరుకి 106 ల్యూమెన్లు. గది నిండా పరుచుకుని ఉండే వెలుతురు ఇది. లైటింగ్ పరిశోధకుడు కిట్ కటిల్ దీనికే మీన్ రూమ్ సర్ఫేస్ ఎగ్జిటెన్స్ అని పేరు పెట్టి, గదిలో చాలినంత వెలుతురుందా లేదా అన్నది బల్ల మీది లక్స్‌తో కాక దీనితో తేల్చాలని వాదించాడు. ఆయన వాదనలో అన్నిటితోనూ నేను ఏకీభవించను. ఈ ఒక్క లెక్క మాత్రం నా పనితీరునే మార్చేసింది.

బల్ల ఎత్తున లైట్ల నుంచి నేరుగా పడేది ప్యానెళ్లిచ్చేదాంట్లో 60 శాతం, అంటే సగటున 360 లక్స్. దానికి తిరిగొచ్చిన 106 కలిపితే 466. ల్యూమెన్ పద్ధతిలో వచ్చింది 468. పట్టికలోని 0.78 అన్న ఒక్క అంకెలో ఈ రెండు ముక్కలూ కలిసిపోయి ఉన్నాయన్నమాట.

ఇప్పుడు అదే గది గోడలకి ముదురు చెక్క పలకలు కొట్టించి, నేల మీద ముదురు కార్పెట్ పరుద్దాం. గోడలు 20 శాతం, నేల 10, సీలింగ్ అదే 70. మొదటి పరావర్తనం 10,080 నుంచి 4,320కి పడిపోయింది. ఇంకిపోయేది 124.8కి పెరిగింది. భాగిస్తే 35. బల్ల మీద 360 + 35, అంటే 395 లక్స్.

బల్ల మీద 466 కాస్తా 395 అయింది, తగ్గింది పదిహేను శాతం. ఈఎన్ 12464-1లోని మెట్లు 300, 500, 750 అలా, మెట్టుకీ మెట్టుకీ సుమారు ఒకటిన్నర రెట్లు. కంటికి తేడా గుర్తుపట్టడానికి కనీసం అంత మార్పు కావాలన్నది ఆ మెట్ల వెనకున్న ఆలోచన. ఆ లెక్కన బల్ల మీద ఈ పదిహేను శాతాన్ని ఎవరూ పట్టించుకోరు. గదిలో పరుచుకున్న వెలుతురు మాత్రం 106 నుంచి 35కి, మూడో వంతుకి దిగిపోయింది. తలుపు తీసుకుని లోపలికి వచ్చినవాళ్ల కంటికి ముందు ఆనేది గోడలూ సీలింగూ ఎదుటివాళ్ల ముఖాలూ. బల్ల తర్వాత.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. ఒక సమావేశ మందిరానికి నేను లెక్క ఇచ్చిన తర్వాత గోడల రంగు మారింది, ముదురు పలకలు వచ్చాయి. పని పూర్తయ్యాక మీటరు పెట్టి చూస్తే బల్ల మీద లక్స్ అనుకున్నదానికి దగ్గరగానే ఉంది. వాడేవాళ్లు మాత్రం "గుడ్డివెలుతురుగా ఉంది" అన్నారు. వాళ్లన్నది నిజం. మీటరు చూపిందీ నిజమే. నేను లెక్కించనిది మూడోది, తిరిగొచ్చే వెలుతురు. చివరికి లైట్ల సంఖ్య పెంచలేదు, గోడల్నీ సీలింగ్‌నీ వెలుతురుతో తడిపే లైట్లు కొన్ని చేర్చాం. ఆ తర్వాత ఆ మాట రాలేదు.

ప్రమాణం కూడా ఇటే నడిచింది. ఈఎన్ 12464-1 2021 రూపంలో ఇలాంటి ఆఫీసు పనికి గోడల మీద 150 లక్స్, సీలింగ్ మీద 100 లక్స్ సగటు అడుగుతున్నారు. మన తెల్ల గదిలో సీలింగ్‌కి అందేది 110 దాకా ఉంటుంది. ముదురు గదిలో 37. గోడల మీద పడేది చూస్తే రెండు గదులూ 150 దాటతాయి, కానీ ఆ గోడల నుంచి తిరిగి గదిలోకి వచ్చేది ఒకదాంట్లో 135, రెండోదాంట్లో 40. పడేదాన్ని చూసి ఊరుకుంటే మళ్లీ పొరబాటే.

సాఫ్ట్‌వేర్ ఇదంతా చెయ్యదా అంటే, చేస్తుంది. డయలక్స్, రీలక్స్ లాంటివి ఇందుకే ఉన్నాయి. లైటు ఏ దిక్కుకి ఎంత వెలుతురు విసురుతుందో చెప్పే, తయారీదారిచ్చే ఐఈఎస్ ఫైలు వేస్తే లైటు అసలు తీరుతో, ఉపరితలాల మధ్య రాకపోకలన్నిటితో లెక్క కడతాయి. గదిలో ప్రతి బిందువు దగ్గరా లక్స్, కనీసానికీ సగటుకీ నిష్పత్తి, కళ్లకి కొట్టే మిరుమిట్ల కొలత యూజీఆర్ అన్నీ వస్తాయి. చేత్తో యూజీఆర్ తియ్యడానికి ఈ రోజుల్లో ఎవరూ కూర్చోరు. పగటి వెలుతురు కూడా కలవాలంటే రేడియన్స్ అనే వెలుతురు లెక్కల ప్రోగ్రాం ఆధారంగా నడిచేవి ఉన్నాయి. అనుమతికో, టెండరుకో రిపోర్టు ఇవ్వాలన్నా సాఫ్ట్‌వేరే దిక్కు.

నా అభ్యంతరం సాఫ్ట్‌వేర్ మీద కాదు, దాన్ని తెరవగానే కనిపించే 70, 50, 20 మీద. ఎవరి గదైనా ఆ మూడు అంకెలతోనే మొదలవుతుంది, చాలాసార్లు వాటితోనే ముగుస్తుంది. నా దగ్గరికి సరిచూడమని వచ్చే ఫైళ్లలో నేను మొదట తెరిచేది ఉపరితలాల పేజీ. ఇటుక గోడకి 50, గాజు అడ్డుగోడకి 50, పుస్తకాల బీరువాల వెనక దాగిన గోడకీ 50. రాత్రిపూట తెర వెయ్యని కిటికీ గాజు లోపలి వెలుతురుని దాదాపుగా బయటికే పంపేస్తుంది, అదీ 50 కింద జమ. బల్లలు లేవు, కుర్చీలు లేవు. ఆ ఖాళీ గది ఫలితం "512 లక్స్" అని కచ్చితంగా కనిపిస్తుంది కాబట్టి అందరూ నమ్ముతారు.

మెయింటెనెన్స్ ఫ్యాక్టర్ కూడా అంతే. 0.8 అని అలవాటుగా వేసేస్తారు. ప్యానెల్ మీద ఎల్80 అని రాసుంటే, చెప్పిన గంటలు గడిచేసరికి వెలుతురు 80 శాతానికి దిగుతుందని అర్థం. అంతవరకూ వాడబోతుంటే 0.8 ఆ ఒక్క కారణానికే ఖర్చయిపోయింది. లైటు మీది దుమ్ముకి 0.9, గోడలు మాసిపోవడానికి 0.95 కలిపితే 0.68. మన తెల్ల గది 468 లక్స్ కాస్తా 398 అవుతుంది. గోడలకి ముదురు పలకలు కొట్టించినప్పుడు పోయినంత, ఇక్కడ ఒక్క అంకె చూసుకోకపోవడం వల్లే పోయింది. ఈ విషయంలో మూడు పద్ధతులూ ఒకటే. తప్పు అంకె ఇస్తే తప్పు ఫలితమే ఇస్తాయి, ఏదీ హెచ్చరించదు.

మరి దేన్ని ఎంచుకోవాలి? చిన్న గది, పెట్టెలా ఉంది, లైట్లు సీలింగ్‌లో వరసగా వస్తున్నాయి: ల్యూమెన్ పద్ధతి చాలు, పక్కనే పైన చూపిన పరావర్తనం లెక్క నాలుగు వరసల్లో వేసుకోండి. ఒక్క చోటు ముఖ్యమైతే పాయింట్ పద్ధతి. ఆకారం వంకరగా ఉంటే, యూజీఆర్ చూపించాల్సి వస్తే, పెద్ద హాలైతే సాఫ్ట్‌వేర్. నేనైతే సాఫ్ట్‌వేర్‌కి వెళ్లే గదులకి కూడా ముందు కాగితం మీద రెండు అంకెలు రాసుకుంటాను: నేరుగా వచ్చేది ఎంత, తిరిగొచ్చేది ఎంత. సాఫ్ట్‌వేర్ సగటు నా మొత్తానికి పదిహేను శాతం అటూఇటూగా వస్తే ముందుకు వెళ్తాను. అంతకు మించి తేడా వస్తే దాదాపు ప్రతిసారీ ఏదో ఒక ఉపరితలానికి తప్పు అంకె పడి ఉంటుంది, లేదా ఫైల్లో లైటు ల్యూమెన్లు వేరే మోడల్‌వి అయి ఉంటాయి.

వాట్ల లెక్క గురించి కూడా అడుగుతున్నారు. వైశాల్యానికి ఇన్ని వాట్లు అన్న సూత్రం పాత తీగ బల్బుల నాటిది. అవి వాటుకి 12 నుంచి 15 ల్యూమెన్లిస్తే ఇప్పటి ఎల్‌ఈడీలు 100 దాటి ఇస్తున్నాయి, అందులోనూ మోడల్‌కీ మోడల్‌కీ తేడా. వాట్లు కరెంటు వాడకం లెక్కకి ఉంచుకోండి. ఫోన్‌లోని లక్స్ యాప్ రెండు చోట్ల వెలుతురు పోల్చుకోవడానికి పనికొస్తుంది, డిజైన్ దాకా తేవద్దు.

గోడల రంగు ఇంకా తేలకముందే లెక్క అడిగితే ఇప్పుడు నేను ఒకటి కాదు, రెండు ఇస్తున్నాను: లేత గోడలకి ఒకటి, ముదురు గోడలకి ఒకటి, 106, 35 లాంటి అంకెల్ని పక్కపక్కనే వేసి. రంగు ఎంచుకునేది ఇంటీరియర్ చేసేవాళ్లు కాబట్టి ఆ కాగితం ముందు వాళ్ల చేతికే ఇస్తాను.