క్వార్టు ఆయిల్‌కి 900 మైళ్లు, ఇప్పుడు 2,500: పాత బండిలో రీస్టోర్ అండ్ ప్రొటెక్ట్ వాడాక

మా పాత సెడాన్ ఆయిల్ తాగడం తగ్గింది. ఈ మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. 2008 మోడల్, 2.4 లీటర్ల ఇంజిన్. 2024 మే నెలలో వాల్వొలీన్ కంపెనీ రీస్టోర్ అండ్ ప్రొటెక్ట్ అనే ఇంజిన్ ఆయిల్ మొదటిసారి పోసే నాటికి 1,68,000 మైళ్లు తిరిగింది. అప్పట్లో 900 మైళ్లకి ఒక క్వార్టు (లీటరుకి కాస్త తక్కువ) ఆయిల్ మాయమయ్యేది. ఇప్పుడు 1,92,000 దాటింది, క్వార్టు ఖర్చవడానికి 2,500 మైళ్లు పడుతోంది. పదిహేడేళ్ల బండికి ఇంతకంటే నేనేమీ ఆశించలేదు.

డాలస్‌లో మాకు దగ్గర్లోని ఒక షోరూమ్ వాళ్లు పిస్టన్లు, రింగులు మార్చాలని 3,800 డాలర్లకి కొటేషన్ ఇచ్చారు. బండి విలువే అంత ఉండదు. అమ్మేద్దామని దాదాపు నిర్ణయించుకున్నాను. అప్పుడే విజయవాడ నుంచి నాన్న వచ్చారు. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి. జెట్‌లాగ్ కూడా తీరకముందే బానెట్ ఎత్తించి, ఇంజిన్ శబ్దం విని, సైలెన్సర్ దగ్గర అరచేయి పెట్టి చూశారు. "బోరుకొచ్చిందని ఎవడు చెప్పాడురా? పికప్ బాగానే ఉంది. రింగులు పట్టేసి ఉంటాయి" అన్నారు. బోరుకి రావడమంటే సిలిండర్లు అరిగిపోవడం.

ఆయన చెప్పింది ఇదీ. పిస్టన్‌కి ఉండే మూడు రింగుల్లో అడుగున ఉన్నది సిలిండర్ గోడ మీది ఆయిల్‌ని గీకి, పిస్టన్‌లోని సన్నటి రంధ్రాల గుండా కిందికి పంపుతుంది. ఏళ్ల తరబడి మాడిన ఆయిల్ ఆ రంధ్రాల్లో బొగ్గుగా గట్టిపడితే, గీకిన ఆయిల్‌కి కిందికి దారి ఉండదు. అది గోడ మీదే ఉండిపోయి పెట్రోలుతో పాటు కాలిపోతుంది. లోహం అరిగిపోతే ఏ ఆయిల్ పోసినా తిరిగి రాదు. బొగ్గు పట్టి ఉంటే మాత్రం కరిగించొచ్చు. ఉదయం స్టార్ట్ చేసిన వెంటనే గుప్పున నీలం పొగ వచ్చి ఆగిపోతే అది సాధారణంగా వాల్వ్ సీళ్ల సమస్య, దానికీ ఈ ఆయిల్‌కీ సంబంధం లేదు. మా బండికి హైవే ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితేనే పొగ వచ్చేది.

ఆటోనగర్‌లో అయితే పాత ఆయిల్‌లో కిరోసిన్ కలిపి, పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి దించేసే పద్ధతి ఒకటుంది. నాన్నకి అదంటే అసలు పడదు. "గబగబా కడిగితే మడ్డి పెచ్చులుగా ఊడి ఛాంబర్‌లో స్ట్రెయినర్‌కి అడ్డం పడుతుంది. ఇంజిన్ సీజ్ అయ్యాక ఎవడ్ని అడుగుతావు?" అంటారు. ఛాంబర్ అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి. ఇక్కడ షాపుల్లో దొరికే ఇంజిన్ ఫ్లష్ సీసాలూ ఆయనకి కిరోసిన్ తమ్ముళ్లలాగే కనిపించాయి. రీస్టోర్ అండ్ ప్రొటెక్ట్ డబ్బా చూపించి, ఇది రోజూ నడిపే ఆయిలే, నడుస్తూ ఉండగా మెల్లగా శుభ్రం చేస్తుందట, పూర్తి ఫలితానికి వరసగా నాలుగు ఆయిల్ ఛేంజ్‌లు ఇదే వాడమంటున్నారు అని చదివి వినిపిస్తే, "మెల్లగా అంటే సరే, పోసెయ్" అన్నారు. 5డబ్ల్యూ-30 గ్రేడు (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే అంకె) పోశాం. ఇంజిన్‌లో పట్టేది నాలుగు క్వార్టులే కాబట్టి, ఐదు క్వార్టుల డబ్బాలో ఒకటి మిగిలింది.

అసలు సంగతి జూన్‌లో జరిగింది. అమ్మానాన్నలని పియర్‌లాండ్ మీనాక్షి అమ్మవారి గుడికి తీసుకెళ్లాం. వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిరుగు ప్రయాణంలో ఐ-45 మీద హంట్స్‌విల్ దాటి, మాడిసన్‌విల్ దగ్గర కాఫీకని ఎగ్జిట్ తీసుకున్నాను. వంపులో బండి తిరుగుతుండగా ఆయిల్ డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. నాకు కనిపించలేదు. పక్క సీట్లో ఉన్న నాన్న చూశారు. "ఒరేయ్, బండి పక్కకి తియ్యి. ఇంజిన్ ఆపెయ్" అన్న గొంతులో తొందర చూసి వెనక సీట్లో అమ్మ భయపడిపోయింది.

షోల్డర్ మీద ఆపాను. వేడి తగ్గేదాకా పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ లాగితే చివర తడి కూడా లేదు. ఆయిల్ పోసి అప్పటికి 1,300 మైళ్లు. ఆ 1,300 మైళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. అంతకుముందు రెండు వారాలకోసారి చూసుకునేవాడిని. మంచి ఆయిల్ పోశాం కదా అన్న ధీమాతో మానేశాను. డిక్కీలో పెట్టుకోవాల్సిన ఆ మిగిలిన క్వార్టు ఇంట్లో గరాజ్‌లో ఉండిపోయింది. లైటు ఆరిపోయింది కదా, గ్యాస్ స్టేషన్ దాకా మెల్లగా పోనిద్దామా అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "అది ఆయిల్ ఎంతుందో చెప్పే లైటు కాదురా. ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. వంపులో ఆయిల్ ఒక పక్కకి పోతే పంపు గాలి పీల్చింది. ఇంకోసారి పీలిస్తే బేరింగులు పోతాయి" అన్నారు. ఆ ఎండలో అర మైలు నడిచి రెండు క్వార్టుల మామూలు 5డబ్ల్యూ-30 కొనుక్కొచ్చాను. రెండూ పోస్తేగానీ ఫుల్ గీత దాకా రాలేదు. అంటే 650 మైళ్లకి ఒక క్వార్టు తాగింది, పాత లెక్క కంటే ఘోరంగా. ఆ రాత్రి ఇంటికొచ్చేదాకా ఒకటే టెన్షన్. సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్న అమ్మ అయితే దారంతా ఆ ఎర్ర లైటు చోటునే చూస్తూ వచ్చింది.

డబ్బు వృథా అయిందనుకున్నాను. నాన్న అలా అనుకోలేదు. 2,000 మైళ్ల దగ్గర ఆయిల్ అలాగే ఉంచి ఫిల్టర్ ఒక్కటి మార్చమన్నారు. విప్పిన ఫిల్టర్‌ని రేకు కత్తెరతో కోసి, మడతల కాగితం చాప మీద పరిచారు. మాడిన పోపులో ఆవాల్లా నల్లటి పలుకులు ప్రతి మడతలోనూ ఉన్నాయి. వేలితో నలిపితే పొడి అయ్యాయి. అయస్కాంతం పెట్టి చూశారు, ఒక్కటీ అంటుకోలేదు. "ఇనుము కాదు, బొగ్గే. పని చేస్తోంది" అన్నారు. ఆ సాయంత్రం నాకు కలిగిన ఉపశమనం ఇంతా అంతా కాదు. మధ్యలో ఆయిల్ ఎందుకు ఎక్కువ తాగిందంటే, రింగు చుట్టూ బొగ్గు సగం ఊడి సగం ఉన్న దశలో అలా అవుతుందని ఆయన అంచనా. నా దగ్గర అంతకంటే మంచి వివరణ లేదు.

ఆ తర్వాత ప్రతి 4,000 మైళ్లకి మార్చాను, సగం దారిలో ఒక కొత్త ఫిల్టర్ వేశాను. రెండో విడతలో క్వార్టుకి 1,100 మైళ్లు వచ్చింది. మూడో విడతలో 1,900, నాలుగో విడతలో 2,500. ఫిల్టర్లలో పలుకులు మూడో విడత నుంచి తగ్గాయి, నాలుగో దాంట్లో వెతికితేగానీ కనిపించలేదు. యాక్సిలరేటర్ తొక్కితే వచ్చే పొగ ఇప్పుడు లేదు. ప్రతి లెక్కా వీడియో కాల్‌లో నాన్నకి చెప్పేవాడిని. ఆయన అక్కడ డైరీలో రాసుకునేవారు.

ఐదో విడతా, ఆరో విడతా కూడా 2,500 దగ్గరే ఆగిపోయాయి. అంటే బొగ్గు వల్ల పోయింది తిరిగొచ్చింది, అరుగుదల వల్ల పోయింది రాలేదు అనుకుంటున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. రెండో ఆయిల్ ఛేంజ్ అప్పుడే, ఇంజిన్ లోపల చేరే ఆవిర్లని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ కూడా మార్చాను. అది పట్టేసినా ఇంజిన్ ఆయిల్ తాగుతుంది, మాది పట్టేసే ఉంది, ఊపితే చప్పుడు రాలేదు. కాబట్టి రెండో విడత మెరుగుదలలో దాని వాటా ఎంతో, ఆయిల్ వాటా ఎంతో విడదీయలేను. ఫిల్టర్‌లోని బొగ్గు మాత్రం వాల్వ్ మార్చకముందే కళ్లారా చూశాను. మూడో విడత తర్వాత వాల్వ్ కవర్ గ్యాస్కెట్ దగ్గర ఆయిల్ చెమ్మ మొదలైంది. పదిహేడేళ్ల రబ్బరు, ఎలాగూ పోయేదేనేమో. లేక మురికి పోవడం వల్ల దారి తెరుచుకుందేమో. శనివారం కూర్చుని గ్యాస్కెట్ మార్చేశాను.

ఇక కొత్త బండి. మా ఆవిడ నడిపేది 2021 హైబ్రిడ్, దానికి 0డబ్ల్యూ-20. పాత దాంట్లో ఫలితం చూసి ఉత్సాహంతో ఇందులోనూ మూడుసార్లు ఇదే పోశాను. చెప్పడానికి ఏమీ లేదు. ముందూ ఆయిల్ తగ్గేది కాదు, ఇప్పుడూ తగ్గదు. ఫిల్టర్ కోస్తే శుభ్రంగా ఉంది. మైలేజీలో తేడా లేదు. హైబ్రిడ్‌లో ఇంజిన్ మాటిమాటికీ ఆగుతూ, పూర్తిగా వేడెక్కకుండా తిరుగుతుంది కాబట్టి మురికి చేరకుండా ముందునుంచే వాడితే మంచిదన్న వాదన నాకు సబబుగానే అనిపిస్తుంది. కానీ దాని ఫలితం నాకు తెలియాలంటే ఇంకో పదేళ్లు ఆగాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో (పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్మేవి) ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకునే బొగ్గు కూడా దీంతో పోతుందని మా స్నేహితుడొకడు కొన్నాడు. ఛాంబర్‌లోని ఆయిల్ ఆ వాల్వుల తలల్ని కడగదు, ఆయిల్ తిరిగే దారి వేరు. వారంటీ గురించి భయం అక్కర్లేదు. గ్రేడూ, ప్రమాణమూ మాన్యువల్‌లో ఉన్నవే అయితే ఫలానా బ్రాండే పోయాలని కంపెనీ పట్టుబట్టడానికి 1975 నాటి వారంటీ చట్టం ఇక్కడ ఒప్పుకోదు. రసీదులు మాత్రం దాచుకున్నాను.

నా పరిస్థితి వేరని కూడా గుర్తుపెట్టుకోండి. ఆయిల్ నేనే మార్చుకుంటాను, కాబట్టి సగంలో ఫిల్టర్ మార్చడం నాకు పావుగంట పని. నా తిరుగుడులో ఎక్కువ భాగం హైవేనే. ఇంజిన్ లోపల అరుగుదల పెద్దగా లేదని చూసి చెప్పగల మనిషి ఇంట్లో ఉన్నారు. టపాటపా చప్పుడు చేసే ఇంజిన్‌కో, ఏళ్లుగా ఆయిల్ మార్చక మడ్డి గడ్డకట్టిన ఇంజిన్‌కో ఇది పొయ్యమని నేను చెప్పలేను. పోసేవాళ్లు మొదటి విడతలో పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ డిప్‌స్టిక్ చూడండి. డిక్కీలో రెండు క్వార్టులు పెట్టుకోండి.

ఆగస్టులో మా అమ్మాయి కాలేజీకి ఈ బండే తీసుకెళ్తుంది. డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ పెట్టి, గీత చదవడం తాతయ్య వీడియో కాల్‌లో నేర్పించారు. ఏడో ఛేంజ్‌కి డబ్బా కొని గరాజ్‌లో పెట్టాను. కొత్త బండికి ఏది కొనాలో ఇంకా తేల్చుకోలేదు.