విలేజ్ వాన్‌గార్డ్‌లో సోమవారం రాత్రి: పదహారుమంది బ్యాండు, ఒక నేలమాళిగ

జాజ్ విని "బాగానే ఉంది గానీ ఏమీ అనిపించలేదు" అనేవాళ్లలో చాలామంది విన్నది హోటల్ లాబీలోనో, ఫోన్ స్పీకర్లోనో. అలా వింటే ఏమీ అనిపించకపోవడంలో వింత లేదు. పెద్ద బ్యాండు జాజ్‌లో ఉద్వేగమంతా గుసగుసకీ గర్జనకీ మధ్య ఉండే ఎడంలో ఉంటుంది. రికార్డింగ్‌లో ఆ ఎడాన్ని కొంత తగ్గిస్తారు, మిగిలింది ఫోన్ మింగేస్తుంది. అది పూర్తిగా వినపడే చోటు ఒకటి న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్‌లో ఉంది. చిరునామా 178 సెవెన్త్ అవెన్యూ సౌత్. ఎర్ర తలుపు తీస్తే కిందికి మెట్లు. పేరు విలేజ్ వాన్‌గార్డ్. వెళ్తే సోమవారం వెళ్లండి, కుదిరితే రాత్రి పది గంటల సెట్‌కి, అంటే రెండో విడత వాయింపుకి.

మాక్స్ గోర్డన్ ఈ నేలమాళిగలో క్లబ్బు పెట్టింది 1935లో. 1989లో ఆయన పోయాక భార్య లొరెయిన్ నడిపారు, 2018లో ఆవిడ పోయాక కూతురు డెబొరా చూసుకుంటున్నారు. పట్టేది 123 మంది. గది త్రికోణం: మొన దగ్గర వేదిక, వెడల్పు వైపు బార్. కప్పు తక్కువ ఎత్తు. రెండు పక్క గోడలూ సమాంతరంగా లేవు కాబట్టి శబ్దం వాటి మధ్య బంతిలా అటూ ఇటూ కొట్టుకోదు. మిగిలిన ప్రతిధ్వనిని తివాచీ, మెత్తటి సీట్లు, కిక్కిరిసిన జనం పీల్చేసుకుంటారు. అందుకే ఇక్కడ బేస్ తీగ మీద వేలు జారడం కూడా వినిపిస్తుంది. 1961 జూన్ 25, ఆదివారం, పియానిస్ట్ బిల్ ఎవాన్స్ త్రయం ఇక్కడే రికార్డు చేసింది. ఆ బేసిస్ట్ స్కాట్ లఫారో పదకొండు రోజులకే కారు ప్రమాదంలో చనిపోయారు. ఆ రికార్డింగ్‌లో గ్లాసుల గలగల, జనం కబుర్లు స్పష్టంగా వినిపిస్తాయి. ఇప్పుడు ఆ పప్పులు ఉడకవు, సెట్ నడుస్తుంటే మాట్లాడనివ్వరు.

మంగళవారం నుంచి ఆదివారం దాకా మామూలుగా ఒకే చిన్న బ్యాండు వారమంతా వాయిస్తుంది. సోమవారం మాత్రం వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రాది. ట్రంపెటర్ థాడ్ జోన్స్, డ్రమ్మర్ మెల్ లూయిస్ కలిసి 1966 ఫిబ్రవరి 7న మొదలుపెట్టారు. స్టూడియోల్లో, క్లబ్బుల్లో వాయించే కళాకారులకి సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు ఎంచుకున్నారు. డెబ్బైల చివర్లో థాడ్ డెన్మార్క్ వెళ్లిపోయారు, 1990లో మెల్ పోయారు, పేరు మారింది, సోమవారం మారలేదు. శాక్సఫోన్లు అయిదు, ట్రంపెట్లు నాలుగు, ట్రాంబోన్లు నాలుగు, పియానో, బేస్, డ్రమ్స్. వేదికేమో నలుగురుండే చిన్న బ్యాండుకే సరిగ్గా సరిపోయేంత.

పాట మొదలయ్యే ముందు చూడాల్సింది ఒకటుంది. ఈ బ్యాండ్లలో ప్రతి రచనకీ ఒక నంబరు ఉంటుంది. ఎవరో ఆ నంబరు చెప్తారు, పదహారుమందీ లావుపాటి ఫైళ్లలో ఆ కాగితాలు వెతుక్కుంటారు. పాతబడి అంచులు నలిగిన కాగితాలు, వాటి మీద పెన్సిల్ గుర్తులు. ఒకరికి పేజీ దొరక్కపోతే పక్కవాళ్లు నవ్వుతారు. అంతలోనే వేగం చూపించే నాలుగు చిటికెలు, గదంతా మోత.

ఒళ్లు జలదరించేది ఎక్కడో ముందే తెలిస్తే అనుభవం చప్పబడుతుందనుకుంటారు చాలామంది. జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. సంగీతం విని రోమాలు నిక్కబొడుచుకునేవాళ్ల మెదళ్లని 2011లో మాంట్రియల్ శాస్త్రవేత్తలు స్కాన్ చేస్తే, డోపమిన్ ఆ క్షణంలోనే కాదు, దానికి ముందు ఎదురుచూపులో కూడా విడుదలవుతోందని తేలింది. ఎదురుచూడాలంటే దేనికోసమో తెలియాలి కదా. కర్ణాటక సంగీత కచేరీలు విన్నవాళ్లకి ఇది కొత్త కాదు, అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, ఎలా వచ్చి చేరతాయోనని తొడ మీద చెయ్యి వేస్తూ కూర్చునేది అందుకే.

ఇక్కడ తాళం స్థానంలో ఉండేది కోరస్, అంటే పాట బాణీ ఒక పూర్తి చుట్టు. చాలా పాటలకి అది 32 బార్లు (సంగీతంలో బార్ అంటే దెబ్బల గుంపు), బార్‌కి నాలుగు దెబ్బలు. మొత్తం 128, అంటే ఎనిమిది దెబ్బల ఆది తాళంలో పదహారు ఆవర్తనాలు. నిమిషానికి 160 దెబ్బల వేగంలో ఒక కోరస్ 48 సెకన్లు. ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కల్లో మూడోది వేరే దారిలోకి పోతుంది, నాలుగోది ఇంటికొస్తుంది. లెక్క తప్పితే డ్రమ్మర్ ఎడమ కాలు చూడండి: కాలితో తొక్కే జంట సింబల్స్, హై-హ్యాట్, 'చిక్' మని మూసుకునేది రెండు, నాలుగు దెబ్బల మీద. కాలు ఆడించినా, చిటికె వేసినా వాటి మీదే వెయ్యాలి. ఒకటి, మూడు మీద చప్పట్లు కొడితే పక్క టేబుల్‌వాళ్లు తిరిగి చూస్తారు.

సోలో, అంటే ఒకరే అప్పటికప్పుడు అల్లి వాయించడం, మొదలయ్యాక మొదటి కోరస్ మామూలుగా డ్రమ్స్, బేస్, పియానోల తోడుతోనే నడుస్తుంది. రెండో దాంట్లోనో మూడో దాంట్లోనో వెనక నుంచి ట్రాంబోన్లు మెల్లగా ఒక చిన్న ముక్క పట్టుకుంటాయి, దాని మీద ట్రంపెట్లు ఇంకొకటి. సోలో వాయించేవాడు వీటన్నిటి పైకి ఎగబాకాలి. ఇక్కడే గుండె దడ మొదలవుతుంది. ఒక్కోసారి దీనికి వ్యతిరేకం చేస్తారు. థాడ్ జోన్స్ చేత్తో సైగ చేసి పియానో, బేస్, డ్రమ్స్‌ని ఆపేయించి సోలోవాడిని ఒంటరిగా వదిలేసేవారు. ఒక్క శాక్సఫోన్, కళ్లు మూసుకున్న మనిషి, మధ్యలో ఊపిరి తీసుకునే చప్పుడు. తిరిగి డ్రమ్స్ వచ్చి చేరినప్పుడు జనం నోటినుంచి వచ్చే 'హా' కి ఎవరూ సైగ చెయ్యక్కర్లేదు.

తర్వాత తరచుగా శాక్సఫోన్ల సోలీ. అయిదుగురూ ఒకే నడకతో, వేర్వేరు స్వరాల్లో, పొడవాటి వాక్యం ఒకటి వాయిస్తారు. థాడ్ రచనల్లో లోపలి స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. ఆ ఒరిపిడి రికార్డులో కాస్త మసకగా వినిపిస్తుంది, గదిలో మాత్రం చురుక్కుమంటుంది. చివరికి షౌట్ కోరస్: బ్యాండు మొత్తం ఒక్కసారిగా. ట్రంపెట్లు కొట్టే ప్రతి పెద్ద దెబ్బకీ రెప్పపాటు ముందు డ్రమ్మర్ ఒక చిన్న ఫిల్ (ఖాళీని నింపే దెబ్బల గుత్తి) వేసి దారి చూపిస్తాడు. వెన్ను జలదరించేది చాలామందికి ట్రంపెట్ల దెబ్బ దగ్గర కాదు, ఆ ఫిల్ దగ్గర. మెల్ లూయిస్ పెద్ద బ్యాండుని కూడా చిన్న బ్యాండులా, అరవకుండా నడిపించి చూపించింది ఈ పనితనమే.

ఇక నెమ్మది పాటలు. ట్రంపెటర్లు తమ వాద్యం పక్కనపెట్టి ట్రంపెట్ లాంటిదే అయిన ఫ్లూగెల్‌హార్న్ తీసుకున్నారంటే గొంతు పట్టేసే ఘట్టం దగ్గర్లో ఉందని అర్థం. ఆ వాద్యం గొట్టం శంకువులా వెడల్పవుతూ పోతుంది కాబట్టి నాదానికి పదును తక్కువ, వెచ్చదనం ఎక్కువ. పదమూడుమంది ఊదేవాళ్లు కలిసి గుసగుసలాడటం అరుపు కన్నా ఎంతో కష్టం. శ్వాస సరిగా పట్టకపోతే స్వరం వణుకుతుంది, శ్రుతి కిందికి జారుతుంది. అది సరిగ్గా కుదిరినప్పుడు కళ్లు తుడుచుకునేవాళ్లు కనిపిస్తారు, ఎవరూ పట్టించుకోరు.

లోటుపాట్లు లేకపోలేదు. సభ్యుల్లో కొందరు టూర్లలో ఉంటే బదులు వాయించేవాళ్లు వస్తారు. కాగితం చూసి వాయించడంలో వాళ్లకి వంక పెట్టలేం గానీ, అయిదు శాక్సఫోన్లూ ఒకే చోట ఊపిరి తీసుకునే అలవాటు ఒక్క రాత్రిలో రాదు. సోలీల్లో అంచులు గరుకుగా వినిపిస్తే కారణం సాధారణంగా ఇదే. ఈ బ్యాండుకి పియానిస్ట్‌గా, రచయితగా పనిచేసిన జిమ్ మెక్‌నీలీ రాసిన పొడవాటి రచనలు గొప్పవే, కాకపోతే జాజ్ కొత్తగా వినేవాళ్లకి రెండు వరసగా పడితే తల వేడెక్కుతుంది. ఎనిమిది గంటల సెట్ ఎక్కువగా పద్ధతిగా సాగుతుంది. పది గంటలకి పెదవులు వేడెక్కి ఉంటాయి, సోలోలు సాగుతాయి, బ్యాండువాళ్లే ఒకరినొకరు కేకలేసి ఉసిగొల్పుతారు.

సీటు సంగతి ముఖ్యం. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొన్నా కుర్చీ మాత్రం వచ్చిన వరసలోనే. చిన్న బ్యాండైతే ముందు వరసే మేలు. సోమవారం మాత్రం అది పొరపాటు: ముఖానికి మూడడుగుల్లో ఆల్టో శాక్సఫోన్ ఉంటుంది, మిగతా పదిహేనుమందీ దాని వెనక ఎక్కడో వినిపిస్తారు. గది మధ్యలో, గోడ వెంబడి ఉన్న బల్లసీట్లలో కూర్చుంటే అన్ని వరసలూ కలిసి చెవికి చేరతాయి. బార్ దగ్గర కలయిక ఇంకా బాగుంటుంది గానీ గ్లాసుల చప్పుడు భరించాలి. తలుపులు తీసేసరికే వరసలో ఉంటే ఎంచుకోవచ్చు, చివరి నిమిషంలో వస్తే స్తంభం వెనక చోటే మిగులుతుంది. చెవులు సున్నితమైనవాళ్లు సంగీతకారులు వాడే రకం ఇయర్‌ప్లగ్స్ తెచ్చుకోండి. అవి శబ్దాన్ని అన్ని స్థాయిల్లో సమానంగా ఓ 12-15 డెసిబెల్స్ తగ్గిస్తాయి. మామూలు స్పాంజివి డ్రమ్మర్ సింబల్స్ మెరుపుని చంపేస్తాయి.

తినడానికి ఏమీ దొరకదు. ఒకప్పటి వంటగది ఇప్పుడు కళాకారుల విశ్రాంతి గది, ఆఫీసు. భోంచేసి వెళ్లండి. మనిషికి ఒక డ్రింకు తప్పనిసరి, సోడా అయినా సరే. ఫొటోలు, వీడియోలు నిషేధం, ఫోన్ వెలుగు కనిపిస్తే మనిషి వచ్చి చెప్తారు. చప్పట్లు పాట మధ్యలోనే, ప్రతి సోలో అయ్యాక. మెట్లు తప్ప వేరే దారి లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లే ముందు ఇది గుర్తుంచుకోండి. ఒక టికెట్ ఒక సెట్‌కే, సుమారు గంటంబావు.

న్యూజెర్సీలోని ఎడిసన్ వైపు నుంచి వచ్చే మనవాళ్లు పెన్ స్టేషన్‌లో దిగి, 2 లేదా 3 నంబరు సబ్‌వే ఎక్కితే 14వ వీధి ఒక్క స్టాపు. 12వ వీధి వైపు ద్వారంలోంచి పైకొస్తే క్లబ్బుకి నాలుగడుగులే. జెర్సీ సిటీవాళ్లకి పాత్ (PATH) రైలు, క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగి నడవొచ్చు. పది గంటల సెట్ అయ్యేసరికి పదకొండున్నర అవుతుంది, ఆ వేళకి రైళ్ల మధ్య ఎడం పెరుగుతుంది. తిరుగు రైలు టైము ముందే చూసిపెట్టుకోండి, లేకపోతే ఆఖరి పాట షౌట్ కోరస్ వాయిస్తుండగా గడియారం చూసుకోవాల్సి వస్తుంది.